తడవని బియ్యం

మీ ఇంట్లో ఒక వస్తువు కనబడకుండా పోయినప్పుడు మీరు మొదట ఎవరి ముఖం వైపు చూస్తారు?

జవాబు నాకు చెప్పక్కర్లేదు, మీలో మీరే చెప్పుకోండి. బీరువా వెనక వెతకక ముందే, దిండు ఎత్తి చూడక ముందే, మీ చూపు ఒక మనిషి మీదికి పోయి ఉంటుంది. ఆ మనిషి మీ అంట్లు తోమే ఆవిడ కావచ్చు, కొత్తగా వచ్చిన కోడలు కావచ్చు, పక్క మంచం మీద పడుకునే పిల్ల కావచ్చు. దాన్ని మీరు అనుమానం అంటారు. నేను తప్పు జవాబు అంటాను. తప్పు జవాబులు దిద్దడం నా వృత్తి కనుక ఈ విషయంలో నాకు మొహమాటం లేదు.

అమీర్‌పేటలో బ్యాంకు పరీక్షలకు తయారయ్యే పిల్లలకు నేను రీజనింగ్ చెబుతాను. మా క్లాసు మూడో అంతస్తులో ఉంటుంది. కిటికీకి ఎదురుగా మెట్రో పట్టాలు, కిటికీకి అడ్డంగా పక్క కోచింగ్ సెంటర్ వాళ్ల ఫ్లెక్సీ. కింద దోసెల బండివాడు పెనం మీద నీళ్లు చల్లితే ఆ చప్పుడు మా దాకా వస్తుంది, ఆకలితో వచ్చిన పిల్లల చెవులు అటు తిరుగుతాయి. అలాంటి చోట మొదటి రోజు బోర్డు మీద నేను రాసే మాటలివి: "కలాలన్నీ కాకులు. కాకులన్నీ బస్సులు. అయితే కలాలన్నీ బస్సులేనా?"

క్లాసంతా నవ్వుతుంది. ఎవరో ఒకరు లేచి, "మేడమ్, కాకి బస్సెట్లయితది?" అంటారు.

"చెప్పులు గుమ్మం బయట విడిచారు కదా? మీకు తెలిసిన లోకాన్ని కూడా వాటి పక్కనే విడిచి రండి. ఇక్కడ బోర్డు మీద ఇచ్చిందే నిజం. దాంట్లోంచి ఏది వస్తుందో అదే జవాబు. మీకు నచ్చింది కాదు, మీరు నమ్మింది కాదు" అంటాను.

ఈ పాఠం నేను ఏ పుస్తకంలోనూ నేర్చుకోలేదు. కోస్తాలో మా ఊరి రీడింగ్ రూమ్‌లో ఆదివారం పూట చర్చలు జరిగేవి. శకునాలు, జాతకాలు, కులం, ఆడపిల్లల చదువు, ఏదీ వదిలేవాళ్లు కాదు. పరికిణీ కట్టే వయసు నుంచి నేను ఆ బల్ల ముందు నిలబడి మాట్లాడాను. అధ్యక్షత వహించే పెద్దాయన ఎంత గొప్ప ఉపన్యాసానికీ చప్పట్లు కొట్టేవాడు కాదు. అంతా అయ్యాక కళ్లజోడు తీసి, "బాగుందమ్మా. దీంట్లోంచి అది వస్తుందా?" అని అడిగేవాడు. బల్ల గుద్ది మాట్లాడిన మగ మహావక్తలు ఆ ఒక్క ప్రశ్నకు మంచినీళ్లు అడిగి కూర్చోవడం నేను చూశాను. ఈ దేశంలో మనిషిని మనిషి తొక్కడానికి చెప్పిన కారణాల్లో ఆ ప్రశ్నకు నిలబడేది ఒక్కటి కూడా లేదని నాకు అప్పుడే తెలిసింది.

మా పరీక్షల్లో పిల్లలు ఎక్కువగా తప్పేది ఎక్కడో చెబుతాను. రెండు ప్రకటనలు ఇస్తారు, కింద రెండు నిర్ధారణలు ఇస్తారు. మొదటిది వస్తుందా, రెండోది వస్తుందా, రెండూ వస్తాయా, రెండూ రావా అని అడుగుతారు. ఆ చివరి ఆప్షన్ అంటే పిల్లలకు హడలు. ఇంత ప్రశ్న ఇచ్చి ఏమీ రాదంటే ఎలా, ఏదో ఒకటి రావాలి కదా అనుకుంటారు. రాకపోతే రాదు, అంతే. కానీ ఏదో ఒకటి తేల్చెయ్యాలన్న ఆత్రం వాళ్ల చేత తప్పు గడిలో టిక్కు పెట్టిస్తుంది.

ఆ ఆత్రం లేని పిల్ల ఒకతె నా క్లాసులో ఉండేది. నల్గొండ వైపు నుంచి వచ్చింది. వాళ్లింట్లో పట్నంలో ఉండి చదువుకుంటున్న మొదటి ఆడపిల్ల. "మంచిగ చదువుకో. కానీ నీ మీద ఒక్క మాట వినొద్దు" అని తండ్రి ఒకే ఒక్క షరతు పెట్టి పంపించాడట. ఫ్యాను కింద కూర్చుని నాతో వాదించేది. "మేడమ్, 'కొన్ని' అంటే అన్నీ సుత కావచ్చు గదా?" అని అడిగిన రోజున, ఈ పిల్ల గట్టెక్కుతుందని నాకు ధైర్యం వచ్చింది. ప్రిలిమ్స్ పాసైంది. మెయిన్స్ మరో పది రోజుల్లో ఉందనగా క్లాసుకి రాలేదు. ఆ తర్వాత వచ్చిన రోజు బోర్డు మీద చాలా తేలిక లెక్క ఇచ్చాను. గులాబీలన్నీ పూలు. ఇది పువ్వు. కనుక ఇది గులాబీ. వస్తుందా?

"ఫాలో అయితది మేడమ్" అంది.

క్లాసు నవ్వింది. ఆమె నవ్వలేదు.

"ఎట్లా అవుతుంది?"

"ఇక్కడ కాదు మేడమ్. బయట అయితది."

క్లాసు వదిలాక మెట్రో స్టేషన్ కింద చాయ్ బండి దగ్గరికి తీసుకుపోయాను. చాయ్ చల్లారిపోతుంటే చెప్పింది.

ఆమె ఉండేది పంజాగుట్ట సందుల్లో ఒక లేడీస్ హాస్టల్. గదిలో ఇంకో అమ్మాయిది కాకినాడ వైపు. ఆ అమ్మాయి బంగారు కమ్మలు పోయాయి. హాస్టల్ నడిపే ఆవిడను అందరూ ఆంటీ అంటారు. పోలీసులంటే హాస్టల్ పేరు పోతుందని ఆంటీ ఎవరి చేతనో మంత్రించిన బియ్యం తెప్పించింది. పాత పద్ధతి ఇది. ఎవరి మీద అనుమానం ఉందో వాళ్ల చేత ఆ బియ్యం నమిలిస్తారు. దొంగ నోట్లో ఉమ్మి ఊరదు, బియ్యం తడవవు అని నమ్మకం. మా తాతల కాలంలో పల్లెల్లో జరిగేదని విన్నాను. మెట్రో రైలు కిటికీలోంచి కనబడే డాబాలో, రోజూ పొద్దున లేచి రీజనింగ్ లెక్కలు చేసే అమ్మాయిల మధ్య జరుగుతుందని అనుకోలేదు.

ఆ అంతస్తులో ఉన్న అమ్మాయిలందరూ నమిలి పేపర్ ప్లేట్లలో ఉమ్మారు. కమ్మలు పోగొట్టుకున్న అమ్మాయి మాత్రం ఆంటీ పక్కన కూర్చుని చూసింది. అందరి బియ్యమూ ముద్దయింది. ఈ పిల్లది పొడిగా రాలింది. అంతటితో తీర్పు అయిపోయింది. ఆదివారం సాయంత్రానికి ఖాళీ చెయ్యాలి, వచ్చి తీసుకుపొమ్మని ఆమె అన్నకు ఫోన్ కూడా వెళ్లింది.

"పోనీ వేరే హాస్టల్ చూద్దాం. అమీర్‌పేటలో వాటికి కొదవా?" అన్నాను.

"హాస్టల్ గురించి కాదు మేడమ్ ఫికర్. మా అన్న వస్తడు, ఎందుకు ఎల్లగొడుతున్రని అడుగుతడు. ఆంటీ చెప్తది. దొంగ పేరు మీద ఇంటికి వోతే మల్ల ఈ రోడ్డు చూస్తనా? పరీక్ష రాస్తనా?" అంది. తర్వాత తలెత్తి సూటిగా అడిగింది. "మేడమ్, నేను తియ్యలేదని మీరన్న నమ్ముతున్నరా?"

నమ్ముతున్నాను అనడం ఎంత తేలిక! ఆ పూటకి ఆ పిల్ల కడుపు నిండేది. కానీ నేను ఆ గదిలో లేను, ఆ కమ్మలు చూడలేదు, ఎవరి చేతులు ఎక్కడున్నాయో నాకు తెలియదు.

"తీశావో లేదో నాకు తెలియదు. తీశావని మాత్రం వాళ్ల బియ్యంలోంచి రాదు. అది నాకు తెలుసు" అన్నాను.

"గంతేనా మేడమ్?"

"నమ్మకం మీద నేను నీ వైపు వస్తే, అపనమ్మకం మీద ఇంకొకరు అవతలి వైపు వస్తారు. ఎవరి గొంతు పెద్దదైతే వాళ్లదే గెలుపు. నాకు ఆ పోటీ వద్దు."

చాయ్ సగంలో వదిలేసి వెళ్లిపోయింది. వెనక నుంచి పిలవలేదు నేను. చెప్పిన మాట సరైనదైతే దానికి తియ్యటి మాట అద్దడం నాకు రాదు. కానీ ఇంటికి పోతూ ఒక సంగతి ఆలోచించాను. లోకాన్ని గుమ్మం దగ్గర విడిచి రమ్మంటున్నాను, మంచిదే. పిల్లలు తిరిగి వెళ్లేటప్పుడు చెప్పులు తొడుక్కుని లోకంలోకి పోతున్నారు. రీజనింగ్‌ని మాత్రం నా బోర్డు మీదే వదిలేసి పోతున్నారు. అది వాళ్ల వెంట వాళ్ల హాస్టల్ దాకా వెళ్లాలి. వెళ్లకపోతే నేనే తీసుకెళ్లాలి.

ఆదివారం మధ్యాహ్నం తీసుకెళ్లాను.

డైనింగ్ హాల్లో మసాలా వాసన గుప్పుమంటోంది. అమ్మాయిలు ప్లేట్లు పట్టుకుని బెంచీల మీద కూర్చున్నారు. సగం మంది నా క్లాసు వాళ్లే, నన్ను చూసి లేచి నిలబడ్డారు. నా విద్యార్థిని మెట్ల దగ్గర నిలబడి ఉంది. పక్కనే కట్టిపెట్టిన బ్యాగు.

"రండి మేడమ్ గారూ, భోంచేద్దురు గాని. ఆ పిల్ల కోసం వచ్చారా? మంచివాళ్లకే ఇలాంటివి తగులుకుంటాయండీ" అంది ఆంటీ.

"దొంగ అని ఎలా తేల్చారండీ?"

"నేనేం ఊరికే అనలేదండీ! టెస్టు పెట్టాం. ఒక్కళ్లని కూడా వదల్లేదు."

"కళ్లార చూసినం మేడమ్. మా అందరివి ముద్దైనయ్, దానివి ఇసుక లెక్క రాలినయ్" అంది నా క్లాసు అమ్మాయే ఒకతె.

గోడకి మెనూ రాసే వైట్‌బోర్డు ఉంది. చికెన్, రసం, పెరుగు అని రాసి ఉంది. తుడిచేశాను.

"అయ్యో, చికెన్ క్యాన్సిలా?" అని వెనక బెంచీ నుంచి ఎవరో గొణిగారు. నవ్వులు.

బోర్డు మీద రాశాను: 'దొంగలందరూ నోరెండినవాళ్లు. ఈ అమ్మాయి నోరెండింది. కనుక ఈ అమ్మాయి దొంగ.' వస్తుందా అని అడిగాను. అందరూ ప్లేట్లలోకి చూస్తున్నారు. దాని పక్కనే రాశాను: 'బస్సులన్నీ కాకులు. ఇది కాకి. కనుక ఇది బస్సు.'

"ఫాలో కాదు మేడమ్!" అన్నారు ముక్తకంఠంతో. అన్నాక ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. నేను మార్కర్‌ని మెల్లగా మొదటి దాని మీదికి జరిపాను. ఈసారి ఒకే ఒక్క గొంతు, అదీ చాలా చిన్నగా, "ఇదీ కాదు మేడమ్" అంది.

అప్పుడు కమ్మలు పోగొట్టుకున్న అమ్మాయి లేచింది. ఏడ్చి ఏడ్చి కళ్లు ఉబ్బి ఉన్నాయి. "మరి నా కమ్మలు ఏమయ్యాయి మేడమ్? మా అమ్మ తన చెవులవి తీసి నాకు పెట్టింది. మీ లెక్కలో అవి ఎక్కడున్నాయో చెప్పండి!"

న్యాయమైన ప్రశ్న. దాన్ని దాటెయ్యలేదు నేను. "తెలియదమ్మా. నీకూ తెలియదు, నాకూ తెలియదు. తెలియని చోట ఖాళీగా ఉంది కదా అని దగ్గర్లో ఉన్న మనిషిని పెట్టి పూడ్చకూడదు. పోయినవి నీ కమ్మలు. ఆ పిల్లకి పోతున్నది మొత్తం బతుకు."

ఆంటీకి బోర్డు నచ్చలేదు. "రాతలో బానే ఉంటుందండీ. ఇంతమంది ఆడపిల్లల్ని పెట్టుకుని ఇల్లు నడిపేది నేను. సరే, ఇంత దూరం వచ్చారు, మీ మాట తీసెయ్యను. మంచిపిల్లే అని మీరు పూచీ ఉండండి. పరీక్ష అయ్యేదాకా ఉంచుతాను. ఏమంటారు?"

ఒక్క మాట చాలు. ఊఁ అంటే ఆ పిల్ల బ్యాగు మళ్లీ పైకి పోతుంది, వారం గడుస్తుంది, పరీక్ష రాస్తుంది. కానీ ఆ వారమంతా ఆమె మేడమ్ గారి గొడుగు కింద దాక్కున్న దొంగ. నాకు తెలియనిదాన్ని తెలుసని చెప్పి ఆమెను కాపాడితే, తెలియనిదాన్ని తెలుసని చెప్పి ఆమెను గెంటేసిన వాళ్లకీ నాకూ తేడా ఏమిటి? అయినా అది నా సీటు కాదు, నా పరీక్ష కాదు. కాదనే హక్కు నాకుందా?

"పూచీ వద్దు మేడమ్."

మెట్ల దగ్గర నుంచి వచ్చింది ఆ గొంతు. ఆమె బ్యాగు అక్కడే వదిలి హాలు మధ్యకి వచ్చింది. చాయ్ సగంలో వదిలి పోయిన పిల్ల ఇది కాదు. క్లాసులో నాతో వాదించే పిల్ల.

"ఆంటీ, మీ టెస్టు మల్ల పెడదాం. మంత్రం వద్దు. మంత్రం లేని బియ్యానికి మంచోళ్ల నోరెందుకు ఎండుతది? అందుకే వంటింటి బియ్యమే తెప్పియ్యిన్రి. కానీ ఈసారి అందరం నమలాలె. మీరు సుత. కమ్మలు పోయిన పిల్ల సుత. ఎవలివి పొడిగుంటే వాళ్లు సాయంత్రానికి ఖాళీ చెయ్యాలె, ఇంటికి ఫోన్ పోవాలె. నాకు పెట్టిన షరతే అందరికీ."

"నేనెందుకే నమలడం? హాస్టలే నాది!"

"అయితే మీకేం భయం ఆంటీ?" అని వెనక బెంచీ గొంతు మళ్లీ. ఈసారి నవ్వు పెద్దది.

వంటింటి డ్రమ్ములోంచి సోనామసూరి వచ్చింది. తలా గుప్పెడు. చికెన్ చల్లారిపోతోంది. నవ్వులు ఆగిపోయాయి. నమిలే చప్పుడు తప్ప ఏమీ లేదు. ప్రతి అమ్మాయీ నాలుక మీద తడి ఉందో లేదో చూసుకుంటోంది. చూసుకుంటే ఉన్న తడి కూడా పోతుంది. నాన్నకు ఫోన్ పోతే ఏం చెప్పాలో అప్పుడే మనసులో కూడబలుక్కుంటున్న ముఖాలు చూశాను. భయానికి దొంగ ఎవరో, దొర ఎవరో తెలియదు. దానికి నోరు ఎండబెట్టడం ఒక్కటే తెలుసు.

ప్లేట్లు ముందుకొచ్చాయి. నా విద్యార్థిని బియ్యం తడిసి ముద్దయింది. కళ్లార చూసినం అన్న అమ్మాయివి సగం పొడి. ఇంకొందరివి అటూ ఇటూ కాకుండా ఉన్నాయి. ఆంటీ ప్లేటు ఖాళీ. "మింగేశాను" అంది, ఎవరి వైపూ చూడకుండా.

అన్నిటికంటే పొడిగా రాలినవి కమ్మలు పోగొట్టుకున్న అమ్మాయివి.

ఆమె ఆ గింజలను వేలితో కదిపి చూసింది. "అంటే ఏంటి? నా కమ్మలు నేనే తీసుకున్నానా?" అంది. ఇంకెవరూ చెప్పాల్సిన పని లేదు, జవాబు ఆమే చెప్పేసింది. నేను బోర్డు నింపి చెప్పలేనిది ఆ ఒక్క ప్లేటు చెప్పింది. నోరెండి కూడా దొంగ కాని మనిషి ఒక్కరు కనబడితే చాలు, ఆ టెస్టు అక్కడికి చచ్చిపోతుంది. దీన్ని మేం ఎదురు ఉదాహరణ అంటాం. నేను నేర్పినదే. దాన్ని అలాంటి చోట, తన సీటు పణంగా పెట్టి వాడొచ్చని నాకు నేర్పింది మాత్రం ఆ పిల్ల.

"సరేలే. పరీక్ష అయ్యేదాకా ఉండు" అంది ఆంటీ.

"'అయ్యేదాకా' కాదు ఆంటీ. ఉంట. అన్నకు మీరే చెప్పాలె."

సాయంత్రం అన్న వచ్చాడు. మగవాళ్లను గేటు దాటి రానివ్వరు కనుక ఆంటీయే బయటికి వెళ్లి, ఏదో పొరపాటు పడ్డామని చెప్పి, చికెన్ ప్లేటు గేటు దగ్గరికే పంపించింది. అది క్షమాపణ అవునా కాదా అని అమ్మాయిలు నన్ను అడిగారు. నిర్ధారించలేం అన్నాను. అతను తిని చెయ్యి కడుక్కుని, చెల్లిని బాగా రాయమని చెప్పి, బ్యాగు లేకుండానే బండెక్కి పోయాడు.

మెట్ల మీద ఆమె నాతో, "మీరు పూచీ ఉంటానంటరేమో అని భయమైంది మేడమ్" అంది. నాకూ ఆ భయమే వేసిందని చెప్పాను. పరీక్ష రాసింది. ఇంటర్వ్యూకి పిలుపు వచ్చింది. ఇప్పుడు కూడా ఆ హాస్టల్లోనే, ఆ గదిలోనే ఉంది. పక్క మంచం అమ్మాయి కూడా అక్కడే ఉంది. ఇద్దరూ పెద్ద స్నేహితులేం కాలేదు. ఒకే బకెట్ వాడుకుంటారు, ఒకరి అలారానికి ఇంకొకరు లేస్తారు. నా మొదటి రోజు పాఠానికి మాత్రం ఇంకో వాక్యం చేరింది: వెళ్లేటప్పుడు లోకాన్ని మళ్లీ తొడుక్కోండి, కానీ బోర్డు మీది ప్రశ్నను చేతిలో పట్టుకుని వెళ్లండి.

కమ్మలు ఈనాటికీ దొరకలేదు.

దొరకలేదు అని చదవగానే మీకేం తోచింది? 'అయితే ఆ పిల్లే తీసిందేమో' అని ఒక్క క్షణం అనిపించిందా? అనిపిస్తే, మీరు ఇప్పుడే ఒక ముఖం వైపు చూశారు. ఇంతసేపు నేను చెప్పినదాంట్లో ఏ మాటలోంచి అది వచ్చింది? ఏ మాటలోంచీ రాలేదు. ఏదో ఒకటి తేలాలన్న ఆత్రం మీ చేత టిక్కు పెట్టించింది.

మీ ఇంట్లోనూ దొరకని వస్తువు ఒకటి ఉంటుంది. దానికి మీరు అంటగట్టిన మనిషి ఒకరు ఉంటారు. వాళ్లు మీ పనిలోంచి పోయి ఉండొచ్చు, మీ గడప తొక్కడం మానేసి ఉండొచ్చు, మీ వంటింట్లోనే తలవంచుకుని తిరుగుతూ ఉండొచ్చు. దాంట్లోంచి అది వస్తుందా అని ఇప్పుడు అడగండి. రాకపోతే, ఈ పుస్తకం మూసి లేవండి. ఆ మనిషి దగ్గరికి వెళ్లి, ఎవరి ముందు ఆ మాట అన్నారో వాళ్ల ముందే, మీరు అన్నది తప్పని చెప్పండి. ఈరోజే.